లితానీలోని ఒక మనవియు, బిషప్ అజరయ్యగారి జీవితమును



పూర్వపు ఆంగ్లికను ప్రార్థన పుస్తకమును వాడిన పెద్దలు మన మధ్య ఇంకను కొందరున్నారు. ఆ పుస్తకములో లితానీ అను ప్రార్థన కలదు. ఆదివారము, బుధవారము, శుక్రవారము దానిని చదువవలెనని నియమము. ప్రయాణికులకొరకు, ప్రసవవేదన పడు స్త్రీలకొరకు, రోగులకొరకు, పసిబిడ్డలకొరకు, చెరలోనున్న వారికొరకు వరుసగా మనవులు చేసి, చివరి భాగమునకు వచ్చునప్పటికి మన పగవారికొరకును, మనలను హింసించువారికొరకును, మనమీద కొండెములు చెప్పువారికొరకును ఒక మనవి వచ్చును. దాని వెంటనే భూమి పంటలకొరకైన మనవి. మనము రైతు కుటుంబములవారము గనుక పంటల మనవిని శ్రద్ధగా చెప్పుదుము. దానికి ముందున్న మనవిని మాత్రము పెదవులతో దాటించుదుము. నేనును ఆలాగు దాటించినవాడనే. ఒక గట్టు తగాదాలో నాతో మూడేండ్లు మాట్లాడని మనిషి గుడిలో నా ముందు బల్లమీదనే కూర్చుండెడివాడు. అతని వీపు చూచుచు ఆ మనవి చెప్పుట ఎంత కష్టమో నాకు తెలియును.

ఈ వ్యాసము ఆ ప్రార్థనను ముప్పది రెండేండ్లు బిషప్పుగా చెప్పిన ఒక దైవజనుని గూర్చినది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడెం సంఘములవారమైన మనకు ఖమ్మం మీదుగా వెళ్ళిన డోర్నకల్ పొరుగు ఊరు వంటిదే. అక్కడి మొదటి బిషప్పు వేదనాయగం సామ్యూల్ అజరయ్యగారి పేరు వినని క్రైస్తవ గృహము మన ప్రాంతములో అరుదు. పేరు ఎరుగుదుము గాని, ఆయనకు ఎందరు విరోధులుండిరో, వారితో ఆయన ఏలాగు మెలగిరో చెప్పుకొనుట తక్కువ.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలో వెళ్ళాలన్‌విళై అను పల్లెలో పుట్టిరి. తండ్రి థామస్ వేదనాయగంగారు ఆ పల్లె గురువు. కులమున నాడార్లు. ఆ దినములలో నాడార్లను పై కులములవారు గుడి వీధులకు దూరముగా నుంచెడివారు. ఆ సంగతి ముందు కథకు అవసరము గనుక చెప్పుచున్నాను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి గాని, పరీక్షల సమయమున జబ్బుపడి పట్టము పొందలేదు. 1895 మొదలు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణదేశమంతయు తిరిగిరి. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడిరి. 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని, 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీని స్థాపించుటలో ముందుండిరి. ఈ దేశపు సువార్త పనికి ఈ దేశపు మనుష్యులే, ఈ దేశపు ధనమే కావలెనని ఆయన పట్టుదల. తిరునెల్వేలివారు నిజాం రాజ్యములోని డోర్నకల్‌ను తమ సేవాస్థలముగా ఎన్నుకొనిరి. ఇతరులను పంపుచు తాను పట్టణములో ఉండుట న్యాయము కాదని తోచి, 1909లో గురువుగా అభిషేకము పొంది, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరిరి. మొదట గుడారములోనే కాపురము. తెలుగు రాదు. తమిళ యాసతో నేర్చుకొనిరి.

మరుసటి యేట, అనగా 1910 జూన్‌లో, స్కాట్లండు దేశపు ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. వచ్చినవారిలో ఆసియావారు బహు కొద్దిమంది. విదేశ మిషనరీలకును స్వదేశ సేవకులకును మధ్యనున్న సంబంధమును గూర్చి మాట్లాడుటకు అజరయ్యగారిని పిలిచిరి. మర్యాదకు నాలుగు కృతజ్ఞత మాటలు చెప్పి కూర్చుండవచ్చును. అందరును ఎదురు చూచినది అదే. ఆయన ఆలాగు చేయలేదు. మిషనరీలు మా ప్రజలకొరకు ఎంతయో త్యాగము చేసిరని ఒప్పుకొని, అయినను ఏండ్ల తరబడి కలిసి పనిచేసిన మమ్మును తమ భోజనపు బల్ల యొద్దకు పిలువరని, యజమానులుగా నున్నారు గాని స్నేహితులుగా లేరని బాహాటముగా చెప్పిరి. సభలో కొందరు మెచ్చిరి, మరికొందరికి కోపము వచ్చెను. మిషనరీలకు ఇది కృతఘ్నతగా కనబడెను.

ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. ఆ విమర్శను ఆయన వారి వెనుక చేయలేదు. ఇంటికి వచ్చి తమిళ పత్రికలో వ్రాయలేదు. వారి దేశములో, వారి సభలో, వారి ముఖము ఎదుట చెప్పిరి. చెప్పిన తరువాత వారిని విడిచి వేరే గుంపు కట్టలేదు. తిరిగి వచ్చి అదే మిషనరీలతో, అదే సంఘములో, జీవితాంతము పని చేసిరి. మనకు వచ్చిన అలవాటు దీనికి సరిగా ఎదురైనది కాదా? ముఖము ఎదుట వందనములు, ఇంటికి పోయిన తరువాత చాడీలు.

అప్పటి మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ గారు అజరయ్యగారిని బిషప్పు చేయవలెనని పట్టుబట్టిరి. అంతవరకు ఆంగ్లికను సంఘములో భారతీయుడు ఎవడును బిషప్పు కాలేదు. వెంటనే రెండు వైపుల నుండి అడ్డు వచ్చెను. తెల్ల మిషనరీలలో కొందరు భారతీయుని చేతి క్రింద పనిచేయుటకు ఇష్టపడలేదు. దానికన్న నొప్పి కలిగించినది రెండవది. తన సొంత తిరునెల్వేలి క్రైస్తవులలో కొందరు, తరతరముల క్రైస్తవులై యుండియు, కులమును పట్టుకొని ఆయన నియామకమునకు విరోధముగా మహజరులు పంపిరి. బాప్తిస్మము పొందినను కులము చావలేదు. ఇది తమిళ దేశపు కథ మాత్రమే అని మనలో ఎవరైన అనుకొనినయెడల, వారు మన పాస్టరేటు కమిటీ ఎన్నికలు ఒకసారి చూడవలెను.

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో అజరయ్యగారి అభిషేకము జరిగెను. వయస్సు ముప్పది ఎనిమిది. మొదట డోర్నకల్ చిన్న అధ్యక్షఖండము. తరువాత 1920 దశకములో కృష్ణా తీరపు మిషను స్థలములును, నంద్యాల, కర్నూలు ప్రాంతములును కలిసి పెద్దదాయెను. అప్పుడు ఆయనను వద్దన్న మిషనరీ సంఘములవారే ఆయన చేతి క్రిందికి వచ్చిరి. మనమైతే ఏమి చేసియుందుము? పాత మహజరులు పెట్టెలోనుండి తీసి, ఒక్కొక్కరిని ఒక్కొక్క మూలకు బదిలీ చేసియుందుము. ఆయన వారితో కలిసి కడవరకు పాటుపడిరి. ఆయన చనిపోవు వరకు భారతీయులలో అధ్యక్షఖండము నడిపిన ఆంగ్లికను బిషప్పు ఆయన ఒక్కరే. ఒంటరి కుర్చీ అది.

ఇక మన పల్లెల సంగతి. డోర్నకల్ చుట్టుపట్ల సంఘములో చేరినవారిలో అత్యధికులు మాలలు, మాదిగలు. నిజాం రాజ్యములో వీరికి వెట్టి ఉండెను. దొర పిలిచిన కూలి లేకుండ పోవలెను. పటేలు, పట్వారీ బరువు మోయవలెను. గ్రామదేవత జాతరకు డప్పు కొట్టవలెను. క్రైస్తవులైన తరువాత డప్పు కొట్టము, ఆదివారము పనికి రాము, చచ్చిన గొడ్డు మాంసము తినము అని వీరు చెప్పినప్పుడు ఊరిలో తగవు మొదలయ్యెను. దెబ్బలు, బావి దగ్గర అడ్డు, కూలి నిలుపుదల, దొంగ కేసులు. వింతయేమనగా మన భాషలో ఇట్లు కొట్టించినవాడును దొరే, మందు ఇచ్చిన తెల్ల మిషనరీయును దొరే. పల్లె క్రైస్తవుడు ఒకే మాటతో ఇద్దరిని పిలిచెడివాడు.

ఈ ప్రజలకు పగవారికొరకు ప్రార్థించుమని చెప్పుట తేలిక కాదు. ఎందుకనగా దొరకు వంగుట వారికి తాతల నాటినుండి అలవాటే. ప్రార్థన పేరుతో అదే వంగుటను మరల నేర్పినట్లు కాకూడదు. అజరయ్యగారి పద్ధతి చూడగా ఆయనకు ఈ భేదము బాగుగా తెలియునని నాకు తోచుచున్నది. బాప్తిస్మము పొందినవాడు తన చేయి తన తలమీదనే పెట్టుకొని, తాను బాప్తిస్మము పొందినవాడనియు, సువార్త చెప్పకపోయినచో తనకు శ్రమ అనియు ఒప్పుకొనవలెనని ఆయన నేర్పిరి. వెట్టివాడు తన తల తాను తాకి మాట ఇచ్చుట! బడులు పెట్టిరి, బోర్డింగులు పెట్టిరి, పల్లె ఉపాధ్యాయులను తయారు చేసిరి, త్రాగుడును అప్పులను మాన్పుటకు పోరాడిరి. వెన్ను నిలువుగా నున్న మనిషి పగవానికొరకు ప్రార్థించిననే అది ప్రార్థన. 1930 తరువాత డోర్నకల్ ప్రాంతములో పై కులములవారును వేలకొలది సంఘములో చేరిరి. తమ పొలములలో పనిచేయు మాల మాదిగ క్రైస్తవుల నడతలో వచ్చిన మార్పును చూచియే వారు వచ్చిరని బిషప్పుగారు తరచుగా చెప్పెడివారు. ఒకప్పుడు డప్పు కొట్టలేదని కోపపడిన ఇండ్లవారును ఆ ఊళ్ళలోని వారే.

మన నల్లగొండ జిల్లాకు సువార్త వేరొక దారిన కూడ వచ్చెను. 1890లో నల్లగొండలో స్థిరపడిన అబ్రహాం ఫ్రీసెన్ గారును, తరువాత సూర్యాపేటలో పనిచేసిన హ్యూబర్ట్ గారును అమెరికన్ బాప్టిస్టు మిషను పక్షమున వచ్చినను, పుట్టుకకు రష్యాదేశపు మెన్నోనైటులు. కత్తి పట్టరాదని మూడు వందల యేండ్లకు పైగా నమ్మి, దానికై చెరసాలలను చూచిన జనము. వారి పూర్వికులలో డిర్క్ విల్లెమ్స్ అను హాలెండువాడు 1569లో చెరనుండి పారిపోవుచుండగా, తన్ను తరుముచున్న మనిషి మంచు పగిలి నీటిలో పడెను. ఇతడు వెనుకకు తిరిగి వానిని పైకి లాగి, దానివలన తానే పట్టుబడి దహింపబడెను. కనుక ఈ ఉపదేశము మన తాలూకాలకు రెండు దిక్కుల నుండి చేరినదే.

అజరయ్యగారి కడపటి యేండ్లలో ఆయనకు ఎదురైనవారు గాంధీగారు. 1935 అక్టోబరులో అంబేద్కర్ గారు తాను హిందువుగా చావనని యేవలాలో ప్రకటించిన తరువాత, అస్పృశ్యుల మతాంతరీకరణము దేశమంతట వివాదమాయెను. గాంధీగారు తన హరిజన్ పత్రికలో తెలుగు పల్లెలలోని సామూహిక బాప్తిస్మములను గట్టిగా విమర్శించిరి. దేశమంతయు మహాత్ముడని మ్రొక్కు మనిషి తన పనిని తప్పుపట్టుట చిన్న శోధన కాదు. అజరయ్యగారు తగ్గలేదు. బీదవానికిని తన విశ్వాసమును తాను ఎన్నుకొను హక్కు కలదను మాట విడువలేదు, బాప్తిస్మములు ఆపలేదు. అట్లని గాంధీగారిమీది కోపముతో తెల్లదొరతనమువారి పక్షమునకును పోలేదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు ఇచ్చెదమన్నప్పుడు వద్దనిరి. సంఘము తన లాభము చూచుకొను ఒక వర్గము కారాదని ఆయన భావము. 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన డోర్నకల్ కతీడ్రల్‌ను చూచినవారు ఎరుగుదురు. స్తంభములు దేవాలయ మంటపమును, గుమ్మటములు మసీదును తలపించును. చుట్టుపట్ల నున్నవారిని పగవారిగా తలంచినవాడు ఆలాగు కట్టడు.

అంబేద్కర్ గారితోను ఒక సంభాషణ జరిగినట్లు ఆయన జీవితమును వ్రాసినవారు చెప్పుదురు. మావారు క్రైస్తవులైనచో ఎక్కడికి పోయినను ఒకే సంఘములో, కుల భేదము లేక ఉండగలరా అని ఆయన అడిగిరట. బిషప్పుగారు జవాబు చెప్పలేక, తన జన్మలో అంత సిగ్గు ఎన్నడును పడలేదని తరువాత ఒప్పుకొనిరట. 1912 నాటి తిరునెల్వేలి మహజరులు అప్పుడు ఆయనకు జ్ఞాపకము రాకుండునా? 1919లో తరంగంబాడిలో ముప్పది ముగ్గురు కూడి మొదలుపెట్టిన సంఘైక్య ప్రయత్నమునకు ఆయన నాయకులు. ఆంగ్లికనులును ఇతర సంఘములవారును ఒకరి బల్లలో ఒకరు పాలుపొందని దినములవి. ఆ పనిలో ఆయనకు ఇరువైపుల నుండి నిందలు వచ్చెను. దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడెను. ఆయన చూడలేదు.

1945 జనవరి 1, సోమవారము, కొద్ది దినముల జ్వరముతో ఆయన డోర్నకల్‌లో కన్నుమూసిరి. అక్కడనే సమాధి చేసిరి. మరుసటి సంవత్సరమే మన సూర్యాపేట, మిర్యాలగూడెం, హుజూర్‌నగర్ తాలూకాలలో దొరలమీద సాయుధ పోరాటము లేచెను. 1951 వరకు సాగిన ఆ దినములలో ఒక వైపు రజాకార్లు, ఒక వైపు దళములు, తరువాత యూనియను సైన్యము. మాలపల్లెలలో, మాదిగగూడెములలో చిన్న పెంకుటింటి గుడులుండెను. ఆ ఆదివారములలో లితానీ చదివినచోట్ల ఆ మనవి వచ్చినప్పుడు ఎవరి పేరు తలంచుకొనవలెనో తెలియక ప్రజలు ఒక్క క్షణము ఊరకుండిరని మా ఇంటి పెద్దలు చెప్పగా విన్నాను. గట్టు తగాదా మనిషి ఇప్పుడు లేడు. అతని కుమారుడు అదే బల్లమీద కూర్చుండును. పోయిన క్రిస్మసునకు మా ఇంటికి అరిసెలు పంపెను.