మటిల్డా: కిరీటము దక్కని వారసురాలు

ఇంగ్లండు రాజైన మొదటి హెన్రీ కుమార్తె మటిల్డా 1102లో జన్మించెను. బాల్యముననే ఆమె జర్మను చక్రవర్తి ఐదవ హెన్రీకి భార్యయయ్యెను. 1120లో తమ్ముడు విలియము ఓడ మునిగి మరణించెను. 1125లో భర్తయు గతించెను. తండ్రి 1127లో ప్రభువులను రావించి, తనకు వేరు మగసంతతి కలుగనిచో మటిల్డాయే రాజ్యమునకు వారసురాలని వారిచే ప్రమాణము చేయించెను. 1135లో రాజు కన్ను మూయగనే, ప్రమాణము చేసినవారిలో నొకడైన ఆయన మేనల్లుడు స్టీఫెను కిరీటము ధరించెను. ప్రభువులు పెక్కుమంది అతనికే తలయొగ్గిరి.

మటిల్డా వెనుదీయలేదు. 1141లో లింకను యుద్ధమున స్టీఫెను ఆమె పక్షమువారికి బందీయయ్యెను. కాని పట్టాభిషేకము కానున్న తరుణమున ధనమునకై పౌరులను నిర్బంధించుటచే, లండనువారు తిరుగబడి ఆమెను వెడలగొట్టిరి. 1142లో ఆక్సుఫర్డు కోటలో ముట్టడికి చిక్కి, రాత్రివేళ మంచుపై నడచి తప్పించుకొనెను. 1153లో జరిగిన ఒడంబడిక ననుసరించి, మరుసటి యేట ఆమె కుమారుడు రెండవ హెన్రీ రాజయ్యెను. ఆడబిడ్డకిచ్చిన మాటను ప్రభువులు తప్పిరి. ఆమె మాత్రము తన హక్కును కుమారునికి దక్కించి, 1167లో రువాను నగరమున కన్ను మూసెను.