హెర్బర్ట్ రిజ్లీ

ఒక దేశంలో ఎందరు ప్రజలున్నారో లెక్కించడం ఒక పని. వారెవరో, ఏ మూలాలకు చెందినవారో నిర్ణయించడం మరొక పని. రెండవది మిక్కిలి క్లిష్టమైనది. నానా కులాలకు, తెగలకు, భాషలకు నిలయమైన భారతదేశంలో ఆ బాధ్యతను స్వీకరించిన ఆంగ్లేయ అధికారి సర్ హెర్బర్ట్ హోప్ రిజ్లీ.

రిజ్లీ 1851 జనవరి 4వ తేదీన ఇంగ్లండులోని ఏక్లీ గ్రామంలో జన్మించాడు. తండ్రి అక్కడి చర్చిలో మతాచార్యుడు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువు ముగించి, ఇండియన్ సివిల్ సర్వీసులో చేరి, 1873లో బెంగాలులోని మిడ్నపూరు జిల్లాకు వచ్చాడు. ఛోటానాగపూర్ గిరిజనుల జీవనం అతనిని ఆకర్షించింది. వారి ఆచారాలను, వివాహ పద్ధతులను శ్రద్ధతో అధ్యయనం చేశాడు.

1885లో ప్రభుత్వం బెంగాలులోని కులాల, తెగల పరిశీలనను అతనికి అప్పగించింది. రిజ్లీ ఆచారాలతోపాటు శరీరపు కొలతలను కూడా సేకరింపజేశాడు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి నూరుతో గుణిస్తే వచ్చే సంఖ్యకు నాసికా సూచిక అని పేరు. ముక్కు సన్నగా ఉన్నకొద్దీ కులం ఉన్నతమైనదని అతడు విశ్వసించాడు. మానవుని సామాజిక స్థానాన్ని ముక్కు కొలతతో ముడిపెట్టిన ఈ సిద్ధాంతాన్ని తరువాతి శాస్త్రజ్ఞులు తిరస్కరించారు.

1899లో రిజ్లీ జనగణన కమిషనరుగా నియమితుడయ్యాడు. 1901 మార్చి 1వ తేదీన జరిగిన గణనలో ఇరవై తొమ్మిది కోట్లకు పైగా ప్రజల వివరాలు నమోదైనాయి. కులమేదని అడిగితే ఒకరు కులం పేరు, మరొకరు శాఖ పేరు, వేరొకరు వృత్తి పేరు చెప్పేవారు. వాటన్నిటినీ ఒక క్రమంలో పెట్టడానికి రిజ్లీ, స్థానికుల అభిప్రాయాన్ని ఆధారం చేసికొని, కులాలను హెచ్చుతగ్గుల వరుసలో అమర్చాలని నిర్ణయించాడు.

ఆ నిర్ణయం దేశమంతటా కలకలం రేపింది. ఊరికొక తీరుగా ఉండే కులమర్యాద ప్రభుత్వ పుస్తకంలో శాశ్వతంగా స్థిరపడిపోతుందని ప్రజలు భయపడ్డారు. తమ స్థానం పెంచమని, తమ పేరు మార్చమని కులసంఘాలు విన్నపాలు పంపాయి. 1911 జనగణన నాటికి ఒక్క బెంగాలులోనే అటువంటి అర్జీలు యాభై కిలోలకు పైగా తూగాయి. ఉన్నదానిని నమోదు చేయబోయిన గణన కొత్త పోటీకి కారణమైంది.

రిజ్లీ ప్రేరణతో రాష్ట్రాలన్నిటా కులాల పరిశీలన సాగింది. మద్రాసు రాజధానిలో ఆ పనిని ఎడ్గార్ థర్‌స్టన్ చేపట్టాడు. రంగాచారి సహాయంతో అతడు 1909లో ప్రకటించిన ఏడు సంపుటాలలో తెలుగునాటి కులాల వివరాలు అనేకం ఉన్నాయి.

1910లో స్వదేశానికి మరలిన రిజ్లీ 1911 సెప్టెంబరు 30వ తేదీన మరణించాడు. అన్ని కులాల లెక్కలను ప్రకటించే పద్ధతి 1931 వరకు కొనసాగింది. స్వాతంత్ర్యానంతరం 1951 నుండి షెడ్యూల్డు కులాలను, తెగలను మాత్రమే ప్రత్యేకంగా లెక్కించారు. రాబోయే జనగణనలో కులాల వివరాలను చేర్చాలని కేంద్ర ప్రభుత్వం 2025లో నిర్ణయించింది.

వెనుకబడినవారిని గుర్తించి చేయూతనివ్వడానికి లెక్కలు అవసరం. అయితే మనుషులను మెట్లమీద నిలబెట్టడానికి అవే లెక్కలను వాడితే విద్వేషం పెరుగుతుంది. అపారమైన పరిశ్రమతో సాగిన రిజ్లీ జీవితం ఈ భేదాన్ని స్పష్టం చేస్తున్నది.