డోర్నకల్ బిషప్పు అడిగిన స్నేహం

వర్ణవివక్ష అనగానే మనకు అమెరికా గుర్తొస్తుంది. నల్లవారికి వేరే బస్సు సీట్లు, వేరే బడులు, చివరికి వేరే చర్చిలు. అదే రోజుల్లో మన దేశంలో సువార్త ప్రకటించిన తెల్లదొరల బంగళాల్లోనూ ఆ గీత ఉండేది. ఆ సంగతిని వారి ముఖం మీదే చెప్పినవాడు తర్వాత మన డోర్నకల్‌లో ముప్పై ఏళ్లకు పైగా బిషప్పుగా జీవించాడు. ఆయనే వేదనాయగం శామ్యూల్ అజరయ్య.

1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళై గ్రామంలో, ఒక పాస్టరు ఇంట ఆయన జన్మించాడు. వారిది నాడార్ కులం. ఒకప్పుడు గుడి మెట్లెక్కనివ్వని కులం అది. చిన్న అనకుండా పెద్ద అనకుండా మనిషి మనిషిని దూరం పెట్టడమంటే ఏమిటో ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వైఎంసీఏలో చేరి దక్షిణ భారతమంతా తిరిగాడు. 1902లో శ్రీలంకలోని జాఫ్నా వెళ్లి, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ఖర్చుతో సువార్త సేవ చేయడం చూసి సిగ్గుపడ్డాడు. మరుసటి ఏడే తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. మనుషులు మనవాళ్లే, డబ్బు మనదే, నిర్వహణ మనదే అన్నది దాని నియమం. ఆ సంఘం సేవకు ఎంచుకున్న పొలం మన మానుకోట ప్రాంతం. 1909లో అజరయ్య వైఎంసీఏ ఉద్యోగం వదిలి తానే డోర్నకల్ వచ్చాడు. నిజాం రాజ్యంలో అదొక రైలు జంక్షను. భాష కొత్త. తమిళుడు తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద పల్లెలు తిరిగాడు.

1910 జూన్‌లో స్కాట్లండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1200 మంది ప్రతినిధులు. ఆసియా వారు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. సమావేశాలను నడిపించిన జాన్ మోట్ అమెరికన్. ముప్పై అయిదేళ్ల అజరయ్య లేచి మిషనరీల త్యాగాన్ని మనసారా మెచ్చుకున్నాడు. ఆ తర్వాత అసలు మాట చెప్పాడు. భారతీయ సేవకుడు దొరగారి జీతగాడుగానే ఉండిపోతున్నాడనీ, ఏళ్ల తరబడి కలిసి పనిచేసినా ఒకే బల్ల దగ్గర కూర్చుని భోజనం చేసే సందర్భాలు అరుదనీ చెప్పాడు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, ఇక స్నేహం ఇవ్వండని వేడుకున్నాడు. సభలో కొందరు నొచ్చుకున్నారు, కొందరు కోపగించుకున్నారు. ఆ కోపమే ఆయన మాట నిజమని చెప్పింది.

రెండేళ్లకే, 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథెడ్రల్‌లో ఆయన ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందాడు. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టకపోతే అది జరిగేది కాదు. నల్లవాడి కింద తెల్లవారు ఎలా పనిచేస్తారని అడిగినవారున్నారు. మనవాళ్లలోనూ, తక్కువ కులంవాడు మాకు బిషప్పా అని గొణిగినవారున్నారు! ఈ రెండో గొణుగుడు గురించి మనం తక్కువగా మాట్లాడుకుంటాం.

డోర్నకల్ పల్లెల్లో ఆయన దగ్గరికి వచ్చినవారు ఎక్కువగా మాలలు, మాదిగలు. దొరలను స్నేహం అడిగినవాడు వీరిని ఏమడిగాడు? ఒకే సంఘం, ఒకే బల్ల అన్నాడు. మాల మాదిగ పక్కన కూర్చోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. పెళ్లి ప్రకటనల్లో క్రైస్తవుడి పక్కన కులం పేరు రాసుకునే మనకు అదెంత కష్టమో తెలుసు. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను వెళ్లగొట్టమని బోధించాడు. బీదలైనా ఇవ్వమన్నాడు. ఇల్లాళ్లు వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు ప్రభువు కోసం తీసిపెట్టేవారు. బాప్తిస్మం పొందినవారి చేత, వారి చెయ్యి వారి తల మీదే పెట్టించి, సువార్త చెప్పకపోతే తమకే శ్రమ అని ఒప్పుకోలు చేయించేవాడు. ఆ ఒట్టు పాస్టరుగారిది కాదు, నిన్నటిదాకా ఊరి బయట నిలబడ్డవాడిది.

కష్టపడేవాణ్ణే నిందించడం కదా ఇది అని ఎవరైనా అడగవచ్చు. నాకు అలా తోచదు. అణగారినవారు తెలివితో మతం మారుతున్నారా అని గాంధీగారు 1930లలో బహిరంగంగా సందేహించినప్పుడు, అజరయ్య ఒప్పుకోలేదు. తమ ఆత్మను గురించి తామే నిర్ణయించుకునే బుద్ధి వారికి ఉందన్నదే ఆయన పట్టు. అయితే 1932లో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వచ్చినప్పుడు, మంచిదే అని ఊరుకోలేదు, వ్యతిరేకించాడు. అవి మనల్ని సాటి దేశస్థుల నుంచి వేరుచేస్తాయనీ, సువార్త ఓట్ల వేటగా కనిపిస్తుందనీ భయపడ్డాడు. ఈ ఒక్క విషయంలో ఆయనతో ఏకీభవించనివారు మన సంఘాల్లో నేటికీ ఉన్నారు, వారి వాదనకూ బలముంది.

1939 జనవరి 6న డోర్నకల్‌లో ఎపిఫనీ కథెడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు మసీదును, స్తంభాలు ఆలయ మండపాన్ని గుర్తుచేస్తాయి. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలో అది నిలిచే ఉంది. అప్పటికి ఆ మేత్రాసనంలోని విశ్వాసులు రెండు లక్షలు దాటారు.

సంఘాలు చీలి ఉండగా ఈ దేశానికి ఏ మొహంతో సువార్త చెబుతామని 1919 నాటి తరంగంబాడి సభ నుంచీ ఆయన ఐక్యత కోసం పాటుపడ్డాడు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. ఆ రోజు డోర్నకల్ దానిలో భాగమయ్యింది.