సంతలో పలికిన వేగం – జానీ డోరన్ జీవితం

మన హాస్టల్ వార్షికోత్సవంలో ఏ అంశానికి ఈలలు ఎక్కువ పడతాయో అందరికీ తెలుసు. వేగంగా సాగేదానికే. మర్నాడు మెస్‌లో జరిగే వాదన కూడా ఏటా ఒకటే. అదంతా గోల, అందులో కళ ఎక్కడుందని కొందరంటారు. జనాన్ని కూర్చోబెట్టలేనిది కళ ఎలా అవుతుందని ఇంకొందరంటారు. ఈ వాదన మన దగ్గరే కాదు, ఎక్కడో ఐర్లండ్‌లో కూడా చాలాకాలంగా ఉంది. అక్కడ ఆ వాదనకు కేంద్రంగా నిలిచిన ఒక పేద సంచార కళాకారుడి జీవితం చదివాక, ఆయన గురించి మన సంచికలో తప్పకుండా రాయాలనుకున్నాం. ఆయన పేరు జానీ డోరన్.

డోరన్ 1908 ప్రాంతంలో ఐర్లండ్ తూర్పు భాగంలోని విక్లో కౌంటీలో, రాత్‌న్యూ అనే ఊళ్లో పుట్టాడు. ఆయనది ట్రావెలర్స్ అనే సంచార జాతి. గుర్రపు బండే వాళ్ల ఇల్లు. ఊరూరా తిరుగుతూ రేకు సామాన్లు చేయడం, చిల్లుపడ్డ గిన్నెలకు మాట్లు వేయడం, గుర్రాల బేరం చేయడం వాళ్ల బతుకుదెరువు. వాళ్లకు తమలో తాము మాట్లాడుకునే భాష వేరే ఉంది. ఊళ్లవాళ్లకు వాళ్ల పని కావాలి గానీ వాళ్లు ఊరి చివర ఎక్కువ రోజులు ఉండడం ఇష్టం ఉండేది కాదు. వాళ్ల వృత్తి పేరే తిట్టుగా మారిపోయింది. వృత్తి పేరు తిట్టుగా మారడమంటే ఏమిటో మనలో చాలామందికి విడిగా చెప్పనక్కరలేదు.

అయితే ఈ జాతిలో కొన్ని కుటుంబాలకు గొప్ప ఆస్తి ఒకటి ఉండేది. అది సంగీతం. డోరన్ ముత్తాత జాన్ క్యాష్ పందొమ్మిదో శతాబ్దంలో పేరుమోసిన పైపు వాద్యకారుడు. తండ్రి కూడా పైపులు వాయించేవాడు. తమ్ముడు ఫెలిక్స్ కూడా తర్వాతి కాలంలో అంతే పేరు తెచ్చుకున్నాడు. పాఠం చెప్పిన గురుకులం అంటూ ఏదీ లేదు. బండి పక్కన, పొయ్యి దగ్గర, తండ్రి వేళ్లు చూస్తూ నేర్చుకున్న విద్య అది.

ఆ వాద్యం గురించి కొంచెం చెప్పాలి. లేకపోతే వేగం సంగతి అర్థం కాదు. దాని పేరు ఇలిన్ పైప్స్. ఆ పేరులోని మొదటి మాటకు ఐరిష్ భాషలో మోచేయి అని అర్థం. స్కాట్లండ్ సైనికులు నోటితో ఊదే బ్యాగ్‌పైప్ మనం సినిమాల్లో చూశాం. ఇది అలా ఊదేది కాదు. కుడి మోచేతి కింద కొలిమి తిత్తి లాంటి చిన్న తిత్తి ఉంటుంది. మోచేత్తో దాన్ని ఆడిస్తే గాలి ఎడమ చంకలోని తోలు సంచిలోకి పోతుంది. ఆ సంచిని ఎడమ మోచేత్తో నొక్కుతూ ఉండాలి. రెండు చేతుల వేళ్లూ చాంటర్ అనే గొట్టం మీద ఉంటాయి. రాగం పలికేది అదే. దాని మీద సుమారు రెండు స్థాయిల స్వరాలు వస్తాయి. వీటికి తోడు ఆగకుండా శ్రుతి ఇచ్చే గొట్టాలు మూడు, మీటలు నొక్కితే తోడు స్వరాలు పలికే రెగ్యులేటర్లు మూడు ఒడిలో అడ్డంగా ఉంటాయి. వేళ్లు రాగంలో ఉండగా మణికట్టు అంచుతో ఆ మీటలు నొక్కాలి. రెండు మోచేతులు, పది వేళ్లు, మణికట్టు, మోకాలు అన్నీ ఒకేసారి పనిచేయాలి. ఖాళీగా ఉండేది నోరొక్కటే.

మోకాలి పని ఏమిటంటే, చాంటర్ అడుగు భాగాన్ని తొడ మీద ఆనించి, పైరంధ్రాలన్నీ మూస్తే ధ్వని ఒక్కసారిగా ఆగిపోతుంది. స్వరానికీ స్వరానికీ మధ్య ఇలా మూసుకుంటూ వాయిస్తే ఒక్కొక్క స్వరం విడిగా, ముత్యాలు రాల్చినట్టు వినిపిస్తుంది. దీన్ని మూసిన పద్ధతి అంటారు. చాంటర్‌ను ఎక్కువసేపు తెరిచే ఉంచి, స్వరంలోంచి స్వరంలోకి జారుతూ వాయిస్తే ప్రవాహంలా ఉంటుంది. ఇది తెరిచిన పద్ధతి. నాలుగు గోడల మధ్య, తెలిసినవాళ్లు పదిమంది కూర్చుని వినేచోట మూసిన పద్ధతిలోని సూక్ష్మాలన్నీ వినిపిస్తాయి. మరి సంతలో?

డోరన్ పాఠశాల, వేదిక, మార్కెట్టు అన్నీ సంతే. ఆయన కుటుంబం కొంతకాలం డబ్లిన్ నగరంలో ఉంది. 1930ల మొదట్లో ఆయన గుర్రపు బండి కట్టుకుని మళ్లీ రోడ్డెక్కాడు. పశువుల సంతలు, గుర్రపు పందాలు, ఆటల పోటీలు ఎక్కడ జరిగితే అక్కడికి వెళ్లేవాడు. చలికాలం చాలావరకు డబ్లిన్‌లో గడిపి, వసంతం రాగానే బయలుదేరేవాడు. టికెట్టు ఉండదు, జీతం ఉండదు. విన్నవాళ్లు వేసే చిల్లరతోనే భార్యాపిల్లలు తినాలి. పశువుల అరుపులు, బేరాల కేకల మధ్య నడిచిపోతున్న మనిషిని ఆపాలి. ఆగినవాణ్ణి మరో పాట దాకా నిలబెట్టాలి. అందుకు ఆయన దగ్గర ఉన్న ఆయుధాలు రెండు. తెరిచిన పద్ధతిలో పెద్దగా పలికే నాదం ఒకటి. నీళ్లు దూకినట్టు సాగే వేగం రెండోది.

ఆ వేగం ఎలాంటిదో ఇప్పటికీ వినవచ్చు. ఆయన ఎక్కువగా వాయించినవి రీల్ అనే నాట్యపు వరుసలు. రీల్‌లో చిన్న చిన్న భాగాలు ఉంటాయి, వాటిని తిప్పి తిప్పి వాయిస్తారు. మామూలు వాద్యకారుడు వేగం పెంచితే రెండోసారి తిప్పినప్పుడు మొదటిదే మళ్లీ వస్తుంది, పైగా కొన్ని స్వరాలు మింగేస్తాడు. డోరన్ అలా చేయలేదు. తిప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి మార్చేవాడు. ఒకసారి స్వరాన్ని వణికిస్తాడు, ఒకసారి మూడు స్వరాలను ఒక్క దెబ్బలో గుప్పిస్తాడు, ఒకసారి కింది స్థాయిలోంచి పైకి జారిపోతాడు. వరద లాంటి ప్రవాహం మధ్యలో హఠాత్తుగా మూసిన పద్ధతిలో నాలుగు స్వరాలు టకటకమని రాలుతాయి. పాట చివరికి వస్తున్నకొద్దీ రెగ్యులేటర్ల మీటలను తాళంలా కొడుతూ పోతాడు. వింటుంటే ఒక్కడు వాయిస్తున్నట్టు ఉండదు. ఇది జనాన్ని ఆకట్టుకునే ప్రదర్శనే. ఇందులో దాచవలసిందేమీ లేదు. కానీ ఆ ప్రదర్శన కింద పునాది ఎంత గట్టిదో నెమ్మదిగా వింటే తెలుస్తుంది. తర్వాతి తరం వాద్యకారులు ఆయన వాయించిన వరుసలను స్వరం స్వరం రాసుకుని అభ్యాసం చేశారు. అంత వేగంలోనూ ప్రతి స్వరానికీ ఒక ఆలోచన ఉంది కాబట్టే అది సాధ్యమైంది.

అయినా సంప్రదాయ సంగీతంలో వేగం అంటే చులకన చేసేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. నిదానంగా, అణకువగా వాయించేదే అసలు సంప్రదాయమనీ, సంచార వాద్యకారులది చిల్లర కోసం చేసే ఆర్భాటమనీ ఒక అభిప్రాయం ఉంది. మాకు ఒక విషయం తోస్తోంది. నిదానంగా వాయించడానికి కూర్చునే గది ఉండాలి, నిశ్శబ్దంగా వినే అతిథులు ఉండాలి. డోరన్‌కు అవి ఎవరిచ్చారు? తనకు దొరికిన చోటికి తగిన విద్యను ఆయన తయారుచేసుకున్నాడు. అలాగని వేగంగా వాయించిన ప్రతివాడూ డోరన్ కాడు. ఆయన్ను అనుకరించి కేవలం పరుగే పట్టుకున్నవాళ్ల వాద్యం విన్నప్పుడు, విమర్శకుల మాటలోనూ కొంత నిజం కనిపిస్తుంది.

ఆయన ఎక్కువగా తిరిగిన ప్రాంతాల్లో పడమటి తీరంలోని క్లేర్ కౌంటీ ముఖ్యమైనది. అక్కడి జనం సంగీతమంటే ప్రాణం పెట్టేవాళ్లు. కానీ 1935లో ఐర్లండ్ ప్రభుత్వం నాట్యశాలల చట్టం తెచ్చింది. లైసెన్సు లేకుండా బహిరంగ నాట్యం జరపకూడదంది. దాని దెబ్బకు పల్లెటూరి ఇళ్లలో జరిగే పాటలు, ఆటలు కూడా తగ్గిపోయాయి. ఇళ్లలో సంగీతం సన్నగిల్లుతున్న ఆ రోజుల్లో, రోడ్డు పక్కన ఆగిన డోరన్ బండి చుట్టూ మాత్రం జనం చేరేవారు.

అలా చేరినవాళ్లలో మిల్‌టౌన్ మాల్బే ఊరి కుర్రాడు విల్లీ క్లాన్సీ ఒకడు. 1918లో పుట్టాడు. చిన్నప్పటినుంచి పిల్లనగ్రోవి వాయించేవాడు. గారెట్ బారీ అనే అంధ పైపు వాద్యకారుడి గురించి తండ్రి చెబుతుంటే వింటూ పెరిగాడు. కానీ పైపులను మాత్రం కళ్లారా చూడలేదు. 1936లో డోరన్ వాయిస్తుండగా మొదటిసారి చూశాడు. ఆ రోజుతో అతని దారి మారిపోయింది. రెండేళ్లకు సొంత పైపులు సంపాదించుకున్నాడు. వడ్రంగం చేసుకుంటూ సాధన చేసి ఐర్లండ్‌లోని గొప్ప వాద్యకారుల్లో ఒకడయ్యాడు. ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. క్లాన్సీ డోరన్ వేగాన్ని ఉన్నదున్నట్టు ఎత్తుకోలేదు. మూసిన పద్ధతిని, తెరిచిన పద్ధతిని కలిపి తనదైన బాణీ చేసుకున్నాడు. డోరన్ నుంచి అతను తీసుకున్నది ఆ వాద్యం మీద ప్రేమ.

ఇంత పేరున్నా 1947 దాకా డోరన్ సంగీతాన్ని ఎవరూ రికార్డు చేయలేదు. డబ్లిన్‌లో జాన్ కెల్లీ అనే ఫిడేలు వాద్యకారుడు ఉండేవాడు. క్లేర్ నుంచి వచ్చి కేపెల్ వీధిలో దుకాణం పెట్టుకున్నాడు. డోరన్ సంగీతం గాలిలో కలిసిపోకూడదని ఆరాటపడినవాడు ఆయనే. ఆయన చొరవతో ఐరిష్ జానపద కమిషన్‌లో పనిచేస్తున్న కెవిన్ డానహర్ 1947లో డోరన్‌ను కూర్చోబెట్టి డిస్కుల మీద రికార్డు చేశాడు. సంతల్లో వేలమంది విన్న సంగీతం ఆ రోజు ఒక గదిలో ఒకరిద్దరి ముందు మోగింది. మొత్తం కలిపినా గంటకు మించదు.

ఆ తర్వాత కొద్ది నెలలకే ఘోరం జరిగింది. 1948 జనవరి నెలాఖరులో డోరన్ బండి డబ్లిన్‌లోని బ్యాక్ లేన్ దగ్గర ఆగి ఉంది. పెద్ద గాలికి పక్కనున్న గోడ కూలి ఆ బండి మీద పడింది. ఆయన వెన్ను విరిగింది. నడుము నుంచి కిందికి చచ్చుబడిపోయింది. చాంటర్‌ను తొడ మీద ఆనించి వాయించే మనిషికి కాళ్లు పోవడమంటే ఏమిటో ఊహించండి. గట్టి ఇంట్లో ఉన్నవాడి మీద ఆ గోడ పడినా ప్రాణాలకు ఇంత ముప్పు ఉండేది కాదేమో. రెండేళ్లు బాధపడి 1950 జనవరిలో అథై అనే ఊళ్లోని ఆసుపత్రిలో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు నలభై రెండేళ్ల లోపే. పుట్టిన ఊరు రాత్‌న్యూలోనే సమాధి చేశారు.

ఆయన పోయాక ఆయన జాతివాళ్ల బతుకు వెంటనే బాగుపడలేదు. 1963లో ప్రభుత్వ కమిషన్ ఒకటి సంచార జీవితాన్నే ఒక సమస్యగా చూసి, వాళ్లను మిగతా సమాజంలో కలిపేయాలని నివేదిక ఇచ్చింది. వాళ్ల సంస్కృతికి ఒక విలువ ఉందన్న ఆలోచన అందులో కనబడదు. సంగీతం మాత్రం వేరే దారిలో నడిచింది. 1968లో పైపు వాద్యకారులు సంఘం పెట్టుకున్నారు. 1973లో క్లాన్సీ చనిపోయిన ఏడాదే మిల్‌టౌన్ మాల్బేలో ఆయన పేరున వేసవి సంగీత పాఠశాల మొదలైంది. 1988లో డోరన్ డిస్కులన్నీ కలిపి ఒకే ఆల్బమ్‌గా వెలువడ్డాయి. డోరన్ చనిపోయిన 1950లోనే ట్రావెలర్ కుటుంబంలో పుట్టిన ప్యాడీ కీనన్ ఆ తెరిచిన పద్ధతిని 1970లలో పెద్ద వేదికల మీదికి తీసుకువెళ్లాడు.

చివరికి 2017లో రెండు సంగతులు జరిగాయి. మార్చి 1న ఐర్లండ్ ప్రభుత్వం ట్రావెలర్స్‌ను ప్రత్యేక జాతిగా అధికారికంగా గుర్తించింది. అదే ఏడాది డిసెంబర్లో యునెస్కో ఇలిన్ పైప్స్ వాద్యాన్ని మానవజాతి వారసత్వ కళల జాబితాలో చేర్చింది. ఏ సంతల్లో చిల్లర కోసం మోగిందని చులకన చేశారో, ఆ వాద్యమే దేశానికి గౌరవం తెచ్చింది. ఇది చూడడానికి డోరన్ లేడు. కూలిన గోడకు, ఆ గుర్తింపుకు మధ్య 69 ఏళ్లు గడిచాయి.

మిత్రులారా, మా మెస్ వాదన ఈ వ్యాసంతో తీరిపోతుందని మేము అనుకోవడం లేదు. కానీ ఈసారి ఎవరైనా వేగంగా వాయించినప్పుడు ఈల వేయడమో, పెదవి విరవడమో చేసేముందు ఒక్క నిమిషం చెవి పెట్టి విందాం. స్వరాలన్నీ ఉన్నాయా, కొన్ని మింగేశాడా అని చూద్దాం. ఇంకొక మాట. జాన్ కెల్లీ ఆ ఒక్క ఏడాది బద్ధకించి ఉంటే ఈ రోజు డోరన్ ఒక పేరుగా మాత్రమే మిగిలేవాడు. మన ఇళ్లలోనూ డప్పు, సన్నాయి, పాట తెలిసిన తాతలు, పెదనాన్నలు ఉన్నారు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు వాళ్ల పక్కన కూర్చుని, చేతిలో ఉన్న ఫోన్‌లోనైనా ఆ పాట రికార్డు చేసుకుని రండి. వచ్చే వార్షికోత్సవానికి అందరం కలిసి విందాం.