మూడు బరువుల్లో ఒక్కడే ఛాంపియన్: హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్



మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో 52 కిలోల విభాగంలో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయింది. మరుసటి ఏడాది 50 కిలోల విభాగంలో మళ్ళీ ఛాంపియన్ అయింది. ఈ సంగతి క్లాసులో చెబుతుంటే ఒక బాబు లేచి, రెండు కిలోలే కదా టీచర్, అందులో అంత గొప్పేముంది అని అడిగాడు. పిల్లలందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ ప్రశ్న నచ్చింది. మన పిల్లల స్కూల్ బ్యాగే రెండు కిలోల కంటే ఎక్కువ ఉంటుంది. మరి బాక్సింగ్‌లో రెండు కిలోలకు అంత విలువ ఎందుకు?

దానికి జవాబు వెతుకుతూ నేను చదివిన జీవితమే ఈ నెల మీకు చెప్పాలనుకుంటున్నాను. ఈయన పేరు హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఒకే సమయంలో మూడు వేర్వేరు బరువు విభాగాల్లో ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్న బాక్సర్. చాలామంది ఈ కథను గెలుపు దగ్గరే ఆపేస్తారు. దయచేసి మీరు చివరిదాకా చదవండి.

రైలు పట్టాల దగ్గర మొదలు

హెన్రీ 1912 డిసెంబర్ 12న అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం, కొలంబస్ ఊళ్ళో పుట్టాడు. అసలు పేరు హెన్రీ జాక్సన్. ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబం, ఇంటినిండా పిల్లలు. అతను చిన్నగా ఉన్నప్పుడే ఆ కుటుంబం బతుకుతెరువు కోసం సెయింట్ లూయిస్ నగరానికి వచ్చేసింది. తల్లి త్వరగానే పోయింది. అయినా హెన్రీ చదువు వదల్లేదు, హైస్కూల్ పూర్తి చేశాడు. ఆ రోజుల్లో ఆ ఇంట్లో అది చిన్న విషయం కాదు.

కానీ అప్పుడు అమెరికా అంతా ఆర్థిక మాంద్యం. ఉద్యోగాలు లేవు. హెన్రీ రైల్వేలో పట్టాలు వేసే కూలీగా చేరాడు. పెద్ద సుత్తితో మేకులు దిగగొట్టే పని. ఒకరోజు క్యూబా బాక్సర్ కిడ్ చాక్లెట్ ఒక్క మ్యాచ్‌కే పెద్ద మొత్తం సంపాదించాడన్న వార్త పేపర్లో చూసి, ఆ పని మానేసి బాక్సింగ్‌లోకి వచ్చేశాడని చెబుతారు.

మొదలు ఎలా ఉందో తెలుసా? 1931లో ఆడిన మొదటి ప్రొఫెషనల్ మ్యాచ్‌లోనే నాకౌట్ అయ్యాడు. ఆ తర్వాత గూడ్స్ బళ్ళెక్కి లాస్ ఏంజెలెస్ చేరాడు. అక్కడ బూట్లు పాలిష్ చేస్తూ ప్రాక్టీస్ చేశాడు. తన స్నేహితుడు, ట్రైనర్ అయిన హ్యారీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంటిపేరునే తన ఇంటిపేరుగా పెట్టుకున్నాడు. 1932 ఒలింపిక్స్ అదే నగరంలో జరిగాయి. సెలక్షన్ పోటీల్లో ప్రయత్నించాడు, ఎంపిక కాలేదు. మళ్ళీ ప్రొఫెషనల్ బాక్సింగ్‌కు వచ్చాడు. మెక్సికో బాక్సర్ బేబీ అరిజ్‌మెండీ చేతిలో 1934 చివర్లో ఒకసారి, 1935 మొదట్లో ఇంకోసారి ఓడిపోయాడు. 1936లో మూడోసారి ఎదురుపడినప్పుడు గెలిచాడు. అప్పటికి అతను బరిలోకి దిగి ఐదేళ్ళు.

అతని ఆట తీరు ఎలాంటిదో కూడా చెప్పాలి. ఆర్మ్‌స్ట్రాంగ్ ఐదున్నర అడుగుల మనిషి. దూరంగా నిలబడి పొడుగు చేతులవాళ్ళతో పోటీ పడలేడు. అందుకే వంగి, తల ఎదుటివాడి ఛాతీకి దాదాపు ఆనించి, గంట కొట్టిన దగ్గర్నుంచి మళ్ళీ గంట కొట్టేదాకా ఆగకుండా గుద్దుతూనే ఉండేవాడు. అతని గుండె మామూలు వాళ్ళకంటే నెమ్మదిగా కొట్టుకునేదట. అందుకని మ్యాచ్‌కు ముందు డ్రెస్సింగ్ రూమ్‌లోనే కొన్ని రౌండ్లు ఒంటరిగా ప్రాక్టీస్ చేసి, ఒళ్ళంతా చెమట పట్టాకే రింగ్‌లోకి వచ్చేవాడు. ప్రేక్షకులు చూసే మొదటి రౌండ్ అతనికి మొదటిది కాదు.

ముగ్గురు పెద్దమనుషుల ప్లాన్

ఇప్పుడు ఆ రెండు కిలోల ప్రశ్న దగ్గరకు వద్దాం. బాక్సింగ్‌లో ఒకే బరువున్నవాళ్ళే ఒకరితో ఒకరు తలపడతారు. బరువు పెరిగితే ఎముక, కండ, గుద్దులో బలం, దెబ్బ తట్టుకునే శక్తి అన్నీ పెరుగుతాయి. ఇప్పుడు ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో 17 విభాగాలున్నాయి, ప్రతి విభాగంలోనూ నాలుగు పెద్ద సంస్థలు వేర్వేరుగా టైటిల్స్ ఇస్తాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ కాలంలో ప్రధానమైన విభాగాలు ఎనిమిదే. ఫెదర్‌వెయిట్‌కు 126 పౌండ్లు, అంటే 57 కిలోలు పరిమితి. లైట్‌వెయిట్‌కు 135 పౌండ్లు, అంటే 61 కిలోలు. వెల్టర్‌వెయిట్‌కు 147 పౌండ్లు, సుమారు 67 కిలోలు. ఫెదర్‌వెయిట్ నుంచి వెల్టర్‌వెయిట్‌కు వెళ్ళడమంటే ఆరో క్లాసు పిల్లాణ్ణి పదో క్లాసు పరీక్ష హాల్లో కూర్చోబెట్టినట్టు.

1936లో ఎడ్డీ మీడ్ అతని మేనేజర్ అయ్యాడు. సినిమా తార, గాయకుడు ఆల్ జోల్సన్ డబ్బు పెట్టాడు. నటుడు జార్జ్ రాఫ్ట్ కూడా వెనకున్నాడు. 1937 ఆర్మ్‌స్ట్రాంగ్‌కు అద్భుతమైన సంవత్సరం. ఆ ఒక్క ఏడాదిలోనే 27 మ్యాచ్‌లు ఆడి 27 గెలిచాడు, అందులో 26 నాకౌట్లు. అయినా పేపర్ల నిండా జో లూయిసే ఉండేవాడు. అదే ఏడాది జో లూయిస్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. జనం ఆదరణ, డబ్బు అంతా హెవీవెయిట్‌కే వెళ్ళేది. చిన్న బరువు బాక్సర్‌ను ఎవరు పట్టించుకుంటారు? అందుకని ఈ ముగ్గురు ఒక ఆలోచన చేశారు. ఇంతవరకూ ఎవరూ చేయనిది చేస్తేనే జనం మనవైపు చూస్తారు, కాబట్టి ఒకే మనిషి మూడు టైటిల్స్ ఒకేసారి పట్టుకోవాలి అన్నది ఆ ప్లాన్.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ప్లాన్ పెద్దవాళ్ళది. దెబ్బలు తినాల్సింది మాత్రం ఆర్మ్‌స్ట్రాంగ్.

పది నెలలు

1937 అక్టోబర్ 29న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఫెదర్‌వెయిట్ ఛాంపియన్ పీటీ సారన్‌ను ఆరో రౌండ్లో నాకౌట్ చేశాడు. మొదటి టైటిల్ వచ్చింది.

తర్వాత మామూలుగా అయితే లైట్‌వెయిట్‌కు వెళ్ళాలి. కానీ ముందుగా కుదిరింది వెల్టర్‌వెయిట్ ఛాంపియన్ బార్నీ రాస్‌తో మ్యాచ్. అంటే మధ్యలో ఒక మెట్టు వదిలేసి ఎక్కాలి. ఆర్మ్‌స్ట్రాంగ్ బరువు ఆ విభాగానికి చాలా తక్కువ. తూకం రోజు కాస్త ఎక్కువ చూపించడానికి కడుపు నిండా నీళ్ళు తాగి తక్కెడ ఎక్కాడని చెబుతారు. వానవల్ల మ్యాచ్ ఐదు రోజులు వాయిదా పడింది. 1938 మే 31న జరిగిన ఆ పోటీలో అతని బరువు సుమారు 60 కిలోలే. రాస్ 64 కిలోల పైన ఉన్నాడు. అంటే తాగిన నీళ్ళు పోయాయి, మనిషి మాత్రం అంతే ఉన్నాడు. అయినా పదిహేను రౌండ్లు వదలకుండా మీద పడి గెలిచాడు. చివరి రౌండ్లలో రాస్ బాగా దెబ్బలు తిన్నాడు, కానీ కింద పడలేదు, ఆట ఆపడానికి ఒప్పుకోలేదు. అదే రాస్ ఆఖరి మ్యాచ్.

మూడోది లైట్‌వెయిట్. 1938 ఆగస్టు 17న ఛాంపియన్ లూ ఆంబర్స్‌తో పోటీ. ఐదు, ఆరు రౌండ్లలో ఆంబర్స్‌ను పడగొట్టాడు. కానీ తన పెదవి లోపల చీలి రక్తం ఆగలేదు. రింగ్ నేల మీద రక్తం పడుతుంటే, ఇలాగే ఉంటే మ్యాచ్ ఆపేస్తానని రిఫరీ హెచ్చరించాడు. అప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ నోట్లోని మౌత్‌పీస్ తీసేసి, రక్తాన్ని ఉమ్మకుండా మింగుతూ మిగతా రౌండ్లు ఆడాడు. నిర్ణయం జడ్జీల మధ్య చీలినా చివరికి అతనికే వచ్చింది.

పది నెలలు తిరక్కుండా మూడు టైటిల్స్. ఉన్న ఎనిమిది ప్రధాన విభాగాల్లో మూడు ఒక్క మనిషి చేతిలో. అలా ఒకేసారి మూడింటినీ పట్టుకున్న బాక్సర్ అతను తప్ప చరిత్రలో మరొకరు లేరు.

దిగిరావడం

ఇక్కడితో ఆపితే ఇది మంచి మోటివేషన్ కథ. కానీ జీవితం ఇక్కడ ఆగలేదు.

ఫెదర్‌వెయిట్ బరువుకు మళ్ళీ దిగడం కష్టమై, ఆ టైటిల్‌ను అదే ఏడాది తనే వదులుకున్నాడు. 1939 ఆగస్టులో ఆంబర్స్‌తో జరిగిన రెండో పోటీలో నడుము కింద గుద్దినందుకు రిఫరీ ఐదు రౌండ్లు కోత పెట్టాడు. లైట్‌వెయిట్ టైటిల్ పోయింది. వెల్టర్‌వెయిట్ మాత్రం మిగిలింది. దాన్ని నిలబెట్టుకోవడానికి 1939 అక్టోబర్‌లో 22 రోజుల్లో ఐదుసార్లు, ఐదు వేర్వేరు నగరాల్లో ఆడాడు. వినడానికి గొప్పగా ఉంది కదూ? ఒంటికి విశ్రాంతి ఎక్కడుందో ఆలోచించండి.

1940 మార్చిలో ఇంకా పైకి, మిడిల్‌వెయిట్ టైటిల్ కోసం సెఫెరినో గార్సియాతో తలపడ్డాడు. గార్సియా తనకంటే ఐదు కిలోలు ఎక్కువ. ఫలితం డ్రా. నాలుగో టైటిల్ అందినట్టే అంది చేజారింది. అదే ఏడాది అక్టోబర్ 4న ఫ్రిట్జీ జివిక్ చేతిలో వెల్టర్‌వెయిట్ టైటిల్ కూడా పోయింది. ఏళ్ళ తరబడి తిన్న దెబ్బలకు కళ్ళ చుట్టూ చర్మం మచ్చలు కట్టి ఉంది. జివిక్ గుద్దులన్నీ అక్కడే పడ్డాయి. చివరికి చూపు ఆనని స్థితిలో ఆడాడు. 1941 జనవరిలో మళ్ళీ పోటీ పెడితే మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌కు 23,190 మంది వచ్చారు. ఆర్మ్‌స్ట్రాంగ్ లేచి గెలుస్తాడని ఎదురుచూశారు. పన్నెండో రౌండ్లో రిఫరీ మ్యాచ్ ఆపేశాడు.

కొన్నాళ్ళు ఆగి మళ్ళీ వచ్చాడు. 1943లో, చిన్నప్పటి నుంచీ తనను ఆరాధించిన షుగర్ రే రాబిన్సన్ చేతిలో ఓడాడు. 1945లో పూర్తిగా మానేశాడు. మొత్తం 180 దాకా మ్యాచ్‌లు, 150 దాకా విజయాలు. సంపాదించిన డబ్బు నిలవలేదు. తాగుడు అలవాటైంది.

అతన్ని మళ్ళీ నిలబెట్టింది బాక్సింగ్ కాదు. 1951లో బాప్టిస్ట్ చర్చి పాస్టర్ అయ్యాడు. మిగతా జీవితంలో ఎక్కువ భాగం పేద పిల్లల కోసం పని చేశాడు. తర్వాత సెయింట్ లూయిస్‌కు తిరిగి వెళ్ళి, అక్కడి చర్చిలోనూ, కుర్రాళ్ళ క్లబ్‌లోనూ పని చేశాడు. తను కూలీగా బయల్దేరిన ఊరికే పిల్లలకు దారి చూపే మనిషిగా వెళ్ళాడు. చివరి రోజుల్లో చూపు, ఆరోగ్యం బాగా దెబ్బతిన్నాయి. 1988 అక్టోబర్‌లో లాస్ ఏంజెలెస్‌లో, 75 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. రెండేళ్ళ తర్వాత ఇంటర్నేషనల్ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ మొట్టమొదటి జాబితాలోనే అతని పేరు చేరింది.

మన పిల్లల బరువు

నేను టీచర్‌ని. పేరెంట్స్ మీటింగ్‌లో నాకు ఎక్కువగా వినిపించే ప్రశ్న, మా బాబును పై బ్యాచ్‌కు ఎప్పుడు మారుస్తారు, మా పాపకు ఫౌండేషన్ కోర్సు ఇప్పుడే మొదలుపెట్టొచ్చా అనే. తప్పేమీ లేదు. పిల్లలు పైకి ఎదగాలని ఎవరికుండదు? ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా పై మెట్టు ఎక్కబట్టే చరిత్రలో నిలిచాడు. పైకి వెళ్ళకూడదని చెప్పడానికి నేను ఈ కథ ఎంచుకోలేదు.

అతను పై బరువుకు వెళ్ళేముందు ఐదేళ్ళు తన బరువులోనే ఓడుతూ నేర్చుకున్నాడు. నాకౌట్‌తో మొదలై, ఒకే మనిషి చేతిలో రెండుసార్లు ఓడి, మూడోసారి గెలిచి ఆ పునాది వేసుకున్నాడు. డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరూ చూడని రౌండ్లు ఆడాడు. రాస్‌ను గెలిచింది తక్కెడ మీద చూపించిన నీళ్ళ బరువుతో కాదు, ఆ పునాదితో. మన దగ్గరా అంతే. బట్టీ పట్టి తెచ్చుకున్న మార్కులు తక్కెడ మీద బరువు చూపిస్తాయి. పరీక్ష హాల్లోకి వెళ్ళేసరికి ఆ నీళ్ళు మిగలవు.

ఇంకో సంగతి. అతను ఎన్ని బరువుల్లో, ఎన్నిసార్లు ఆడాలో లెక్కలు వేసినవాళ్ళు చాలామంది. ఎప్పుడు ఆగాలో అడిగినవాళ్ళు చాలా తక్కువ. ఇది మన టీచర్లకూ వర్తిస్తుంది, మీకూ వర్తిస్తుంది. పై బ్యాచ్‌కు మార్చాలనుకున్నప్పుడు ఆ నిర్ణయం మనం మాత్రమే తీసుకుని పిల్లలకు చెప్పడం కాదు. వాళ్ళను ముందు అడుగుదాం. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారు, ఏ సబ్జెక్ట్ అంటే భయం, ఏది ఇష్టంగా చదువుతున్నారు అని చూద్దాం. ఒక బ్యాచ్ సరిపడకపోతే తిరిగి కిందికి రావడం అవమానం కాదు. ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడు ఫెదర్‌వెయిట్ టైటిల్‌ను తనంతట తనే వదులుకున్నాడు.

ఆ క్లాసులో బాబుకు నేను తర్వాత జవాబు చెప్పాను. రెండు కిలోలు చిన్నవే, కానీ వాటిని పెంచుకోవాల్సింది, తగ్గించుకోవాల్సింది, ఆ బరువుతో దెబ్బలు తినాల్సింది ఆ మనిషే అని. వాడు కాసేపు ఆలోచించి, నన్ను కూడా వచ్చే టర్మ్‌లో సెక్షన్ మారుస్తారట టీచర్ అన్నాడు. నీకు ఇష్టమేనా అని అడిగాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నాడు.

ఈ ఆదివారం భోజనాల దగ్గర మీ పిల్లలకు ఆర్మ్‌స్ట్రాంగ్ కథ చెప్పండి. చివరి భాగం కూడా చెప్పండి. ఆ తర్వాత వాళ్ళు చెప్పేది వినండి. వచ్చే నెల మరో జీవితంతో కలుద్దాం.