నిజానికీ అబద్దానికీ మద్దిన

మాది నరసన్నపేట. రేపు వాన పడతాదా అంటే మా రైతులు అవుననరు, కాదనరు. ఆ మద్దినున్న మాటకీ లెక్క కట్టినోడు పోలండ్ తర్కవేత్త యాన్ వుకాషేవిచ్. 1878లో ల్వీవ్‌లో పుట్టాడు. 1920లో నిజం, అబద్దంతో పాటు మూడో విలువ పెట్టాడు. తరవాత సున్నా నుంచి ఒకటి దాకా లెక్కలేనన్ని విలువలన్నాడు. అందులో ఎప్పుడూ పూర్తి నిజమయ్యే ప్రతి మాటా గుప్పెడు మూలసూత్రాల నుంచే రాబట్టొచ్చని ఊహించాడు. దాన్నే సంపూర్ణత అంటారు. 1939 బాంబులకి వార్సాలో ఇల్లు, పుస్తకాలు కాలిపోనాయి. 1956లో డబ్లిన్‌లో పోయాడు. ఆ ఊహకి రోజ్, రాసర్‌ల రుజువు అచ్చయింది 1958లో! అందుకే తమ్ముడూ, నీ పెశ్నకి బేగి జవాబు రానేదని దాన్ని ఇడిసీకు.