పఠాన్ రుస్తుం వేషానికి పేరుకెక్కిన తాడిపత్రి బిడ్డ

వెనుకటి తరం నాటకాభిమానులకు పఠాన్ రుస్తుం అంటే బళ్ళారి రాఘవే. ఆయన ఇంటిపేరు తాడిపత్రి. 1880 ఆగస్టు 2న తాడిపత్రిలోనే పుట్టారు. అప్పటికి అనంతపురం జిల్లాయే లేదు. 1882లో గాని దాన్ని బళ్ళారి నుంచి విడదీయలేదు. పెరిగిందీ, ప్లీడరుగా పేరు తెచ్చుకున్నదీ బళ్ళారిలో గనుక కరపత్రాల మీదా, గోడపత్రికల మీదా ఆ ఊరి పేరే నిలిచిపోయింది. ఆయన మన జిల్లావాడని మనలోనే చాలామందికి తెలియదు.

నాటకకర్త ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆయనకు స్వయానా మేనమామ. అయితే పఠాన్ వేషం మాత్రం కోలాచలం శ్రీనివాసరావు రాసిన 'రామరాజు చరిత్ర'లోది. 1565లో తళ్ళికోట యుద్ధంలో విజయనగరం కూలిన కథ అది. ఆ ఓటమి తర్వాతే రాజధాని మన పెనుకొండకు చేరింది. సీమ జనానికి అది పరాయి కథ ఎలా అవుతుంది? మతాల మధ్య చిచ్చు రేగుతుందని బ్రిటిషు ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది కూడా.

అటువంటి నాటకంలో శత్రుపక్షపు పాత్ర వేయడం కత్తిమీద సామే. కత్తి ఝళిపించి కేకలు పెడితే చప్పట్లకు కరువుండదు. రాఘవ ఆ దారి పట్టలేదు. పద్యానికి రాగం సాగదీసి 'వన్స్ మోర్' కొట్టించుకునే రోజుల్లో రాగం తగ్గించి, భావం పలికించారు. ఆడవేషాలు ఆడవారే వేయాలని పట్టుబట్టారు. కొమ్మూరి పద్మావతీదేవి వంటివారు ఆయనతో నటించారు.

1928లో ఇంగ్లండు వెళ్ళి బెర్నార్డ్ షాను కలిశారు. 'రైతుబిడ్డ' వంటి సినిమాలు కొన్ని చేశారు గాని, ఆయన మనసంతా నాటకం మీదే. 1946 ఏప్రిల్ 16న కన్నుమూశారు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. 1981లో ఆయన బొమ్మతో తపాలాబిళ్ళ వెలువడింది. అందులోనూ ఊరు బళ్ళారే.